ఈపోలో నా పురుడు: ఒకే వంటింట్లో ముప్పై రోజులు

2024 మార్చి 6, బుధవారం తెల్లవారుజామున, మలేషియాలోని ఈపో ఊళ్ళో పాప పుట్టింది. డాక్టరు చెప్పిన తేదీ మార్చి 18. బాలింతను చూసుకోవడానికి మేము ముందుగా కుదుర్చుకున్న మనిషి అప్పటికి ఇంకో ఇంట్లో పనిలో ఉంది, 20వ తేదీ దాకా రాలేనంది. ఈ కాస్త తేడా వల్లనే, ముప్పై ఎనిమిదేళ్ళుగా కూతురి గడప తొక్కని పోపో, ఎనభై మూడేళ్ళ వయసులో, చేతిలో బట్టల సంచీతో మా ఇంట్లోకి నడిచి వచ్చారు. వెనకాల మా ఆయన ఆరు కిలోల అల్లం మోసుకొచ్చారు.

పోపో అంటే కాంటనీస్ భాషలో అమ్మమ్మ. మా ఆయనకు అమ్మమ్మ, మా అత్తయ్యకు కన్నతల్లి. మాది తెనాలి. మామగారి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియాలోని పెరాక్ రాష్ట్రానికి, బగాన్ దాతో కొబ్బరి తోటల పనికి వచ్చినవారు. అత్తయ్య మాత్రం చైనీయుల ఇంటి పిల్ల. ఈపో దగ్గర, 'కొత్త గ్రామం' అని పిలిచే ఒక చైనీయుల పేటలో పుట్టి పెరిగి, 1986లో మామగారిని పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజు నుంచి ఆమె తండ్రి ఆమె పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదట. ఆయన 2004లో పోయాక, ఏటా చైనీయుల కొత్త సంవత్సరం రెండో రోజున, అంటే పెళ్ళైన ఆడపిల్లలు పుట్టింటికి వెళ్ళే రోజున, అత్తయ్య కమలాపండ్ల సంచీతో వెళ్ళి మధ్యాహ్నం భోజనం కాగానే తిరిగి వచ్చేవారు. తల్లీకూతుళ్ళ మధ్య ఉన్న రాకపోకలు అంతవరకే. పెళ్ళైన ఈ నాలుగేళ్ళలో పోపోను నేను చూసింది కూడా అలా నాలుగుసార్లే.

అత్తయ్య మాట వింటే ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ నమ్మరు. అత్తగారింటి దగ్గర నేర్చుకున్న పాత శ్రీకాకుళం యాసలో, "ఏటమ్మా, తినేసినావా?" అని అడుగుతారు. మా అమ్మ మొదటిసారి ఫోనులో విన్నప్పుడు, పక్కన ఎవరో విజయనగరం మనిషి ఉన్నారనుకుంది.

పురిటికి తెనాలి వెళ్ళాలనే మొదట అనుకున్నాను. ఏడో నెలలో రక్తపోటు పెరిగింది, విమానం వద్దన్నారు. అప్పుడు మా ఆయన, స్నేహితుల సలహా మీద, పుయ్ యూత్‌ను కుదిర్చారు. బాలింతకూ బిడ్డకూ నెల రోజులు ఇంట్లోనే ఉండి వండిపెట్టి చూసుకునే ఆడమనిషిని ఇక్కడ అలా అంటారు. ఇరవై ఎనిమిది రోజులకు 4,800 రింగిట్లు, అంటే అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 85 వేల రూపాయలు. వచ్చిన రోజు ఒకటి, వెళ్ళే రోజు ఒకటి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం అదనం. చైనీయుల లెక్కలో ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు పేరు, 2024 డ్రాగన్‌ది. డ్రాగన్ సంవత్సరంలో బిడ్డ కావాలని కోరుకునే చైనీయులు చాలామంది కాబట్టి, ఇద్దరు ముగ్గురు లేరన్నాకే ఈమె దొరికింది. కాన్పు ముందుగా జరిగితే ఏం చేస్తారన్నది ఒప్పందంలో ఎక్కడా లేదు. ఆ సంగతి ప్రసవం గదిలోంచి ఫోను చేసినప్పుడు తెలిసింది. కుదిర్చిన ఏజెంటు 800 రింగిట్ల బయానా తిరిగి ఇవ్వలేదు. మీరు ఎవరినైనా కుదుర్చుకుంటే ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి.

అత్తయ్య మొదటి నుంచీ మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. "మా అత్త నాకు ఎల్లుల్లి కారం, శొంఠి పెట్టి నిలబెట్టినాది. నాను నీకదే పెడతాను" అన్నారు. కానీ ఆమె మోకాళ్ళు పాడై రెండేళ్ళయింది. రాత్రి లేవలేరు. మా ఆయన ఎవరినీ అడగకుండా, పాప పుట్టిన మధ్యాహ్నం, తన మేనమామ ఇంటికి వెళ్ళి పోపోను పిలిచారు. ఆవిడ ఎన్ని రోజులని అడిగి, గోడ మీది క్యాలెండరు చూసి, లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకున్నారట. ఇంకో మాట మాట్లాడలేదట.

8వ తేదీ, శుక్రవారం మమ్మల్ని ఇంటికి పంపారు. మామూలు కాన్పే. ఆసుపత్రి బిల్లు 6,200 రింగిట్లు. ఇంటికి వచ్చేసరికి పోపో నా గదిలో ఏసీ రిమోటు తీసి ఎక్కడో దాచేశారు, కిటికీ సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కారు. ఈపోలో మార్చి ఎండ మన ఏప్రిల్ ఎండలా ఉంటుంది. కాళ్ళకు మేజోళ్ళు, తలకు గుడ్డ. బిడ్డను చూడగానే ఆవిడ కాంటనీస్‌లో ఏదో అన్నారు, అత్తయ్య గుమ్మం దగ్గర నుంచే బదులిచ్చారు. తర్వాత మా ఆయన చెప్పారు: "ఆడపిల్ల, పైగా డ్రాగన్, మాట వినదు" అని పోపో అంటే, "మాట వినని ఆడపిల్లలు మీకు కొత్తా?" అని అత్తయ్య అన్నారట.

అత్తయ్య గుమ్మం దగ్గరే ఎందుకు నిలబడ్డారో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఆమె 1962లో, పులి సంవత్సరంలో పుట్టారు. పులి ఏడాది పుట్టినవాళ్ళు నెల నిండేదాకా పసిబిడ్డ గదిలోకి రాకూడదని పోపో నమ్మకం. "ఇది నా ఇల్లు" అని అత్తయ్య గట్టిగా అంటారనుకున్నాను. ఇంట్లో ఎవరి మాటా లెక్కచేయని మనిషి, సొంత మనవరాలిని మూడు రోజులపాటు గడప అవతల నుంచి మెడ చాచి చూశారు. తన తల్లి మాట ఆమె విన్నది బహుశా 1986 తర్వాత అదే మొదటిసారి. అందుకు నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

9వ తేదీ మా అమ్మ వచ్చింది. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి ముప్పై రోజులదాకా వీసా అక్కర్లేదు కాబట్టి, కంప్యూటరులో రాక కార్డు నింపి, టికెట్టు కొనుక్కుని వచ్చేసింది. హైదరాబాదు నుంచి రాత్రి విమానం, కౌలాలంపూర్ నుంచి రెండున్నర గంటల రైలు. అంతా సులువే కానీ ముప్పై అంటే ముప్పయ్యే. వచ్చిన రోజే తిరిగి వెళ్ళే రోజు, ఏప్రిల్ 7, ఖాయమైపోయింది. అమ్మ పెట్టెలో శొంఠి, పిప్పళ్ళు, వాము, బెల్లంతో చేసిన కాయం ఉండలు, కరివేపాకు కారం, నెయ్యి, సాంబ్రాణి, నడుముకు కట్టడానికి పాత నేత చీరలు రెండు ఉన్నాయి.

ఆ రోజు నుంచి వంటింట్లో మూడు పొయ్యిల మీద మూడు రకాల పథ్యాలు. పోపో నువ్వుల నూనెలో ముదురు అల్లం మాడేదాకా వేయించి, కోడి ముక్కలు వేసి, ఉడికిన తర్వాత బియ్యపు సారా పోసేవారు. బెంటాంగ్ అనే ఊళ్ళో పండే అల్లమే కావాలనేవారు, అది అప్పట్లో కిలో 30 రింగిట్లు పైమాటే. నెల పూర్తయ్యేసరికి ఇంట్లోకి పదకొండు కిలోల అల్లం వచ్చింది. ఎర్ర ఖర్జూరాలు, ఎండు లాంగాన్ పండ్లు వేసి మరిగించిన కషాయం ఫ్లాస్కులో ఉండేది. మంచినీళ్ళు బొత్తిగా నిషేధం. అత్తయ్య తన పాత స్టీలు గిన్నెలో వెల్లుల్లి కారంతో అన్నం కలిపి పంపేవారు. అమ్మ కాయం ఉండ, తర్వాత నెయ్యన్నం. ఎవరి గిన్నె ఖాళీగా వెళ్ళిందో, ఎవరిది మిగిలి వెళ్ళిందో గుమ్మంలో నిలబడ్డవాళ్ళు చూస్తారు కాబట్టి నేను అన్నీ తిన్నాను. మలబద్ధకంతో నాలుగు రోజులు నరకం చూశాను. ఈ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను: ఎవరేమన్నా మంచినీళ్ళు తాగండి. రాత్రి పాలివ్వడానికి లేచినప్పుడు స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి సన్నగా తిప్పి, దొంగలా నీళ్ళు తాగిన రోజులున్నాయి.

11వ తేదీ సోమవారం ప్రభుత్వ క్లినిక్ నర్సు ఇంటికి వచ్చింది. ఇక్కడ బాలింతను చూడటానికి నర్సులే కొన్నిసార్లు ఇంటికి వస్తారు, అది గొప్ప సౌకర్యం. పాప కళ్ళు చూసి, అరికాళ్ళు చూసి, వెంటనే రక్తపరీక్షకు వెళ్ళమంది. కామెర్లు. నీలి లైట్ల కింద పెట్టాలన్నారు, రెండు రాత్రులు. కళ్ళకు గంతలు కట్టిన ఆరు రోజుల పిల్లను అద్దం అవతల పడుకోబెట్టి, పాలిచ్చేటప్పుడు తప్ప తాకవద్దన్నప్పుడు, నా కడుపులో ఏదో జారిపోయినట్టయింది. బిల్లు ఇంకో 1,300.

ఇంట్లో మాత్రం విచారణ మొదలైంది. "అల్లం. ఒళ్ళంతా వేడి చేసేసింది. పాలల్లోకి దిగింది" అన్నారు అత్తయ్య. పులి గడప దాకా వచ్చిందన్నారు పోపో. అమ్మ ఏమీ అనలేదు గానీ కాయం ఉండల డబ్బా తీసి పెట్టెలో పెట్టేసింది. నేను తిన్నవి తలచుకుని ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. చిన్న డాక్టరమ్మ, చైనీయుల పిల్లే, విసుగు లేకుండా చెప్పింది: తల్లి తిండికీ దీనికీ సంబంధం లేదు, పాప కాస్త ముందు పుట్టింది, పాలు ఇంకా చాలినంత పడలేదు, ప్రతి రెండు గంటలకూ పట్టండి అని. ఆ మాట మా ఆయన ఇంట్లో మూడు భాషల్లో చెప్పారు. ఒక్కరూ నమ్మలేదు.

13న పాపను తెచ్చేసరికి అత్తయ్య నా మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పోపో చూశారు. "పులి బయటున్నప్పుడే కామెర్లు వచ్చినాయి కదా. ఇంక లోపలుంటే ఏటవుద్ది?" అని అత్తయ్య నాతో తెలుగులో, తల్లికి వినబడేలా అన్నారు. పోపోకు తెలుగు రాదు. అయినా అర్థమైనట్టే ఉంది. తిరిగి వంటింట్లోకి వెళ్ళి, అల్లం చెక్కు గీసే చప్పుడు ఎక్కువ చేశారు.

ఇక మా అమ్మ సంగతి. ఆమెకు తెలుగు తప్ప ఏ భాషా రాదు. పోపోకు కాంటనీస్, బజారు మలయ్ వచ్చు. మొదటి మూడు రోజులు ఇద్దరూ ఒకరి పొయ్యి ఒకరు అనుమానంగా చూసుకున్నారు. తర్వాత ఒక ఉదయం అమ్మ నా చెవుల్లో దూది పెడుతుంటే పోపో చూసి, చటుక్కున దగ్గరికి వచ్చి, దూది ఇంకాస్త లోపలికి నొక్కి, "ఫుంగ్, ఫుంగ్" అన్నారు. ఫుంగ్ అంటే గాలి. బాలింత ఒంట్లోకి గాలి దూరితే ముసలితనంలో కీళ్ళు పట్టేస్తాయని వాళ్ళ నమ్మకం. నేను అమ్మకు చెప్పాను. "వాతమే కదమ్మా, మనమూ అదేగా అనేది" అంది అమ్మ. అప్పటి నుంచి ఇద్దరూ నడుముకు చీర కట్టడంలో, పాప మాడుకు నూనె అద్దడంలో, చెరో చేయీ వేశారు. అమ్మ తెలుగులో మాట్లాడేది, పోపో కాంటనీస్‌లో మాట్లాడేవారు, ఒక్కొక్కసారి పావుగంట సాగేది ఆ సంభాషణ. పాలు పడటానికి పోపో పచ్చి బొప్పాయితో కురావ్ చేప పులుసు చేస్తే, మా వైపు బాలింతకు సొరపిట్టు పెడతామని అమ్మ చేతులతో సొర ఈదడం చూపించి నవ్వించింది.

అత్తయ్యకు ఇది కష్టమైంది. నాకు అది చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు మడతపెడుతూ, వంటింట్లోంచి ఇద్దరి నవ్వులు వినబడగానే ఆగిపోయి, "మా అమ్మ నవ్వుద్దని నాకు తెలవదు" అన్నారు. అంతే అన్నారు. నేను పాపను ఆమె ఒళ్ళో పెట్టాను, అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

16వ తేదీ శనివారం, పదకొండో రోజు. పురిటి స్నానం చేయించి తీరాలని అత్తయ్య, నెల నిండేదాకా తల తడపకూడదని పోపో. అందులో విచిత్రమేమిటంటే తలస్నానం కోసం పట్టుబట్టింది మా అమ్మ కాదు. అమ్మ, "కుదరకపోతే నీళ్ళు చల్లుకుందాం లెమ్మా" అని ఊరుకుంది. అత్తయ్యే ఊరుకోలేదు. తన అత్తగారు తనకు పదకొండో రోజున నీళ్ళు పోసిందని, తల రుద్ది, సాంబ్రాణి పట్టి, ఒళ్ళో తల పెట్టుకుని ఆరబెట్టిందని, అది ఈ ఇంట్లో జరగవలసిందేనని అన్నారు. తల్లీకూతుళ్ళు స్నానాల గది తలుపు దగ్గర నిలబడి అరుచుకున్నారు. నేను లోపల, తువ్వాలు చుట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను. నా గురించే ఆ గొడవ జరుగుతున్నట్టు నాకు అనిపించలేదు. నా స్థానంలో ఎవరు కూర్చున్నా అదే జరిగేది.

చివరికి పోపో అల్లం తొక్కలు, నిమ్మగడ్డి వేసి మరిగించిన పెద్ద బిందెడు నీళ్ళు తెచ్చి తలుపు దగ్గర పెట్టారు. అమ్మ నలుగుపిండి పట్టుకుంది, అత్తయ్య నీళ్ళు పోశారు. స్నానం కాగానే అమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గంప బోర్లించి దాని మీద నా జుట్టు పరిస్తే, పోపో ముక్కు ఎగబీల్చి, తలాడించి, బొటనవేలు పైకెత్తారు. పొగ పెడితే తలలో గాలి నిలవదు కదా. సాంబ్రాణి మాత్రం ఆ రోజు నుంచి రోజూ ఆవిడే అడిగి వేయించుకున్నారు.

ఆ వారంలో క్లినిక్ నర్సు మళ్ళీ వచ్చింది. రంజాన్ ఉపవాసంలో ఉండి, ఈ అల్లం వాసనల మధ్య ఓపిగ్గా కూర్చుని, పాపను తూచి, "మీరు ఏ పంతాంగ్ చేస్తున్నారు, చైనీయులదా, భారతీయులదా?" అని అడిగింది. మలయ్ వాళ్ళు బాలింత నియమాలను పంతాంగ్ అంటారు, వాళ్ళది నలభై నాలుగు రోజులట. రెండూ అన్నాను. పడీ పడీ నవ్వి, "మరి నిద్ర ఎప్పుడు పోతావు?" అంది. ముప్పై రోజుల్లో ఆ ప్రశ్న నన్ను అడిగినది ఆ ఒక్కతే.

21వ రోజు మంగళవారం పడింది, అందుకని బారసాల 27వ తేదీ బుధవారం చేశాం. తెనాలి నుంచి పంతులుగారు ఫోనులో మంత్రం చెప్పారు, బియ్యంలో పేరు రాశాం. పోపో తన చిన్న పెట్టెలోంచి మడత కాగితం ఒకటి తీసి ఇచ్చారు. మూడు అక్షరాల చైనీయుల పేరు, అందులో మొదటిది ఆవిడ భర్త ఇంటిపేరు. కూతురి పేరు ఇంట్లో ఎత్తనివ్వని మనిషి ఇంటిపేరు. అత్తయ్య ఆ కాగితం చదివి, ఏమీ అనకుండా దేవుడి పటం వెనక పెట్టారు. ఏప్రిల్ 1న మా ఆయన జననం నమోదు చేయించుకొచ్చారు. తండ్రి జాతి అన్న గడిలో 'ఇండియా' అని ఉంది. పోపో కాగితం తిప్పి తిప్పి చూసి, "చీనా లేదా?" అని మలయ్‌లో అడిగారు. "నా కాగితాల్లో చీనా అనే ఉంది. ఏటి లాభం?" అన్నారు అత్తయ్య, నా వైపు తిరిగి.

అసలు సంగతి అంతకు ముందు రోజు, మార్చి 31న బయటపడింది. ఛింగ్ మింగ్ సమాధుల పూజలకు ముందు వచ్చే ఆదివారం కావడంతో, పోపోను భర్త సమాధి దగ్గరికి తీసుకెళ్ళడానికి మా ఆయన మేనమామ కారు తెచ్చారు. నేను హాల్లో పాపను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. అత్తయ్య ఆయనకు కాఫీ ఇచ్చి, నిలబడే, కాంటనీస్‌లో ఏదో అడిగారు. ఆయన తల గోక్కున్నారు. పోపో చేతిలోని అగరువత్తుల కట్ట కింద పెట్టారు. తర్వాత చాలాసేపు ముగ్గురూ మాట్లాడారు, ఎవరూ గొంతు పెంచలేదు. అరుపులకన్నా అదే నాకు ఎక్కువ భయమేసింది.

రాత్రి అత్తయ్య నాకు చెప్పారు. 1988లో మా ఆయన తెలుక్ ఇంతాన్‌లో పుట్టినప్పుడు, మరునాడే మామగారు బస్సెక్కి ఈపో వచ్చి, అత్తయ్య తమ్ముడు పనిచేసే కొట్టుకు వెళ్ళి, వాళ్ళ అమ్మకు చెప్పమని కబురు చెప్పి వచ్చారట. అత్తయ్య నెల రోజులు చూశారు. "మా అమ్మ రానేదు. మా అత్త చేసింది. తెల్లారగట్ల లేచి, తోటలోకి పనికెళ్ళే ముందు నాకు వొండి పెట్టి ఎల్లేది" అన్నారు. పోపో చెప్పేదేమంటే, ఆ కబురు తనకు ఎవరూ చెప్పలేదు, సంతలో ఎవరో అంటే తెలిసేసరికి పిల్లవాడికి నెల నిండిపోయింది, నెల నిండాక వండి ఏం లాభం. మేనమామకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. గుర్తు లేదన్నారు. కబురు తెచ్చిన మామగారు 2018లో పోయారు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

ఇంకొకటి నేను పోపో నోట విన్నాను. ఏప్రిల్ 2 రాత్రి, రెండు గంటల పాలప్పుడు, ఆవిడ కషాయం కప్పుతో వచ్చి మంచం అంచున కూర్చున్నారు. నాకు వచ్చిన కొద్దిపాటి మలయ్‌లోనే మాట్లాడుకున్నాం. పులి సంవత్సరంలో తొలిచూలు ఆడపిల్ల పుట్టిందని ఆవిడ అత్తగారు బిడ్డను ఎవరికైనా ఇచ్చేయమన్నారట. ఆ రోజుల్లో అక్కర్లేదనుకున్న ఆడపిల్లల్ని చైనీయులు భారతీయుల ఇళ్ళకు ఇచ్చేవారు. ఇక్కడ చీరకట్టుతో, చక్కటి తమిళంతో కనిపించే చైనీయ ముఖాల ముసలమ్మలలో అలా పెరిగినవాళ్ళు ఉన్నారు. బిడ్డను అడిగిన భారతీయ కుటుంబం కూడా సిద్ధంగా ఉందట. "నేను ఇవ్వలేదు. రెండు రోజులు అన్నం తినలేదు. చివరికి వాళ్ళే మానుకున్నారు" అని, పాప పిడికిలి విప్పి చూస్తూ, "ఇరవై నాలుగేళ్ళకు తనే వెళ్ళింది" అన్నారు. ఆ మాటలో కోపం ఉందో, హాస్యం ఉందో, ఆ చీకట్లో నాకు తెలియలేదు. ఈ సంగతి అత్తయ్యకు తెలుసా అని అడిగాను. కప్పు నా చేతిలో పెట్టి, చల్లారకముందే తాగమన్నారు. నేను ఇంతవరకూ అత్తయ్యతో అనలేదు. అనవలసింది నేను కాదనిపిస్తుంది కొన్ని రోజులు, ఇంకెవరంటారనిపిస్తుంది కొన్ని రోజులు.

ముప్పయ్యో రోజు ఏప్రిల్ 4, సరిగ్గా ఛింగ్ మింగ్ నాడు పడింది. సమాధుల పండగ రోజున బిడ్డ వేడుకేమిటని 6వ తేదీ శనివారానికి మార్చారు. నెల నిండిన రోజు బిడ్డ తల గీయించాలి. పుట్టు వెంట్రుకలు ఎస్టేటులోని రాములవారి గుడిలో తీయిస్తానని అత్తయ్య అప్పటికే మొక్కుకున్నారు. ఇంకో యుద్ధానికి నేను సిద్ధపడ్డాను గానీ, పోపో చిన్న కత్తెరతో చెవి వెనక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి, ఎర్ర కాగితంలో చుట్టి, సరిపోయిందన్నారు. ఆవిడ కూడా అలసిపోయి ఉంటారు. బంధువులకు పంచడానికి ఎర్రరంగు వేసిన గుడ్లు, కోడి కూర, పసుపు వేసి కొబ్బరిపాలతో వండిన జిగురన్నం పొట్లాలు, యాభై పొట్లాలకు 900 రింగిట్లు. అమ్మ ఆ పసుపన్నం చూసి పులిహోర అనుకుని నోట్లో పెట్టుకుని, పులుపు లేదేమిటని తెల్లబోయింది. పోపో పాప చేతికి పచ్చరాతి కడియం తొడిగారు. అది ఎవరిదని అత్తయ్య అడగలేదు.

మరునాడు అమ్మ విమానం. రైల్వే స్టేషనుకు పోపో కూడా వచ్చారు. ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. వెనక కారు పార్కింగులో అత్తయ్య కారు దిగలేదు, మోకాళ్ళ నొప్పి అన్నారు.

పోపో 8వ తేదీన వెళ్ళారు. వెళ్ళేముందు రోజు, సంత నుంచి తీపి నల్ల వెనిగర్, మిగిలిన అల్లమంతా, పంది కాళ్ళు తెప్పించి, పెద్ద మట్టికుండలో నాలుగు గంటలు ఉడికించారు. నాకోసం అదే వెనిగర్‌లో ఉత్త గుడ్లు, అల్లం వేసి వేరే చేశారు, అప్పటికి పది రోజుల నుంచే పెడుతున్నారు. పంది మాంసం మేమెవరం తినం. అత్తయ్య కూడా 1986లోనే మానేశారు. ఆ కుండ ఎవరికని మా ఆయన అడిగితే, బాలింత ఇంట్లో ఉండాలి అన్నారట. రెండు రోజులకొకసారి మరిగిస్తే పాడవదని చెప్పి వెళ్ళారు.

ఏప్రిల్ 9న ఉగాది. అత్తయ్య వేపపువ్వు తెప్పించి పచ్చడి చేశారు, పక్క పొయ్యి మీద కుండ మరుగుతోంది. ఇల్లంతా వెనిగర్ వాసన. పారేస్తారేమో అనుకున్నాను, పారేయలేదు. తింటారేమో అని చూశాను, వడ్డించుకోనూ లేదు. రెండు రోజులకొకసారి, గడియారం చూసుకుని, మరిగించి మూత పెడుతున్నారు. పాపకు ఇప్పుడు మూడో నెల. కుండ ఫ్రిజ్‌లో కింది అరలోకి చేరింది. అందులో అల్లం ముక్కలు తగ్గుతున్నాయని మా ఆయన అంటున్నారు. నేను లెక్కపెట్టలేదు.